తడక అవతలి చెవి

పెద్దసామి జబ్బుపడి వరంగల్ దవాఖానకు పోతూ పోతూ ఉప్పలమ్మ నెత్తిన ఒక బరువు పెట్టి పోయాడు. ఆ బరువు పేరు చిన్నసామి. ఇటలీ దేశపు కొండల్లోంచి వచ్చిన కుర్ర గురువు. "కొత్త మనిషి, ఊరి తీరు తెల్వదు. జర చూసుకో అవ్వా" అన్నాడు పెద్దసామి. ఏండ్ల తరబడి కిరస్తానం గుడి గురువులకు వంట చేసి, ఉపదేశిగా ఉన్న మొగుడు పోయాక పిల్లలకు జపాలు నేర్పే పని కూడా మీదేసుకున్న ఉప్పలమ్మకు ఇది కొత్తేమీ కాదు. పెద్దసామికి అన్నం చేత్తో కలుపుకొని తినడం నేర్పింది తనే. కానీ పెద్దసామి వచ్చిన రోజులు వేరు, ఈయన వచ్చిన రోజులు వేరు.

ఈయన వచ్చింది యూనియన్ మిలిటరీ వెనకాలే. రజాకార్ల పీడ పోయిందని జనం ఊపిరి పీల్చుకునే లోపే, దొరల మీద తుపాకి పట్టిన సంగపోళ్ల కోసం మిలిటరీ ఊళ్లు జల్లెడ పట్టడం మొదలుపెట్టింది. స్టేషన్ ఘన్‌పూర్‌కు కోసెడు దూరంలో ఉన్న గుండ్లగడ్డలో, దొర విడిచి పారిపోయిన గడీలోనే క్యాంపు దిగింది. ఆ ధైర్యంతో దొరా తిరిగొచ్చాడు. సరిగ్గా ఆ వారంలోనే ఎర్రగడ్డం, తెల్లటి నిలువంగీతో చిన్నసామి రైలు దిగాడు. తెల్లోళ్లంతా దేశం విడిచి పోతుంటే వీడొక్కడు ఎందుకొచ్చినట్టని ఊరు అడిగింది. "దేవుని పని మీద" అని ఉప్పలమ్మ అందరికీ చెప్పింది. నిజానికి ఆ అనుమానం ఆమెకూ ఉంది.

పోనీ మనిషి కుదురుగా ఉంటాడా అంటే అదీ లేదు. బెజవాడలో ఏ పంతులు దగ్గర నేర్చుకున్నాడో, నోరు తెరిస్తే "భోజనము చేసితిరా?" అంటాడు. గొర్లు కాసేవాళ్లు పొట్ట పట్టుకొని నవ్వారు.

"గట్లంటే పోలీసు అమీను సాబు అడిగినట్టుంటది సామీ" అంది ఉప్పలమ్మ. "తిన్నవా అవ్వా, అను. చాలు."

"తిన్నవా అవ్వా."

"ఆఁ, గిట్ల. ఇంక ఎడమ చేత్తో ఎవలకేం ఇయ్యకు. మంచమేస్తే కూసో, నిలబడి మాట్లాడితే అప్పు వసూలుకొచ్చిండనుకుంటరు."

చెప్పినవన్నీ బుద్ధిగా నేర్చుకునేవాడు. చెప్పనివే కొంప ముంచాయి. ప్రతి ఇంటి ముందూ ఆగి, "మీ ఇంట్లో మగవాళ్లు ఎంతమంది? వాళ్లు ఎక్కడ ఉన్నారు?" అని అడిగేవాడు. పేరుపేరునా వాళ్ల కోసం జపం చేయాలట. ఆ రోజుల్లో గుండ్లగడ్డలో అంతకంటే చెడ్డ ప్రశ్న ఇంకోటి లేదు. సగం ఇళ్లలో మగవాళ్లు అడవిలో ఉన్నారు, మిగతా సగం అడవికి అన్నం పంపుతున్నారు. క్యాంపు వాళ్లు అడిగేదీ అదే ప్రశ్న, అవే మాటల్లో. ఆడవాళ్లు గడప లోపలికి జరిగి, "ఎవలు లేరు సామీ" అని తలుపు వేసుకునేవారు.

బాలయేసును చూడవచ్చిన ముగ్గురు రాజుల పండుగ ముందు రోజు చిన్నసామి ఒక సుద్దముక్క పట్టుకొని వంటింట్లోకి వచ్చాడు. తమ కొండల్లో ఈ పండుగకు గురువు ఇల్లిల్లూ తిరిగి, మంత్రించిన సుద్దతో తలుపు మీద రాజుల పేర్ల మొదటి అక్షరాలు, మధ్యన సిలువలు రాస్తాడట. ఇంటికి ఏడాదంతా కీడు రాదట. ఇక్కడ రాయవచ్చునా అని అడిగాడు. ఉప్పలమ్మ పప్పు ఎనుపుతూ ఒక్క నిమిషం ఆలోచించింది. మన గడపకు పసుపు రాసి బొట్టు పెట్టినట్టే కదా అనుకుంది. "రాయున్రి, పుణ్యముంటది" అంది.

ఆ మాట అన్నందుకు తర్వాత తన నోటిని తనే తిట్టుకుంది. పండుగనాడు చిన్నసామి కిరస్తానం ఇళ్ల తలుపులన్నిటి మీదా సంబరంగా రాసుకుంటూ పోయాడు. మాపటికి పొరుగింటి బుచ్చమ్మ నడుం మీద చేయి పెట్టుకొని వచ్చి నిలబడింది. బుచ్చమ్మ వాళ్లది గొల్లోళ్ల ఇల్లు, ఆమె తలుపు మీద గీత లేదు.

"ఏందక్కా గిది? మరిపెడ దిక్కు ఏదో ఊళ్లె రాత్రికి రాత్రి తలుపులకు సున్నం గీతలు పెట్టి పోయిన్రంట. తెల్లారి గీతలున్న ఇండ్లే తగులవడ్డయంట. మరి మీ ఇండ్లకు గీతలు పెట్టింది కాల్చనీకా, కాల్చకుండ విడువనీకా?"

"పండుగ గీతలే చెల్లె. దేవుని పేర్లు."

"అట్లనా. మరి మా ఇండ్లు దేవునికి కండ్లవడలేదా?" అని బుచ్చమ్మ విసురుగా పోయింది.

రెండు దిక్కులా భయమే. గీత లేనివాళ్లకు తమ ఇళ్లు కాలుస్తారని, గీత ఉన్నవాళ్లకు తమ ఇళ్లే కాలుస్తారని. తెల్లారేసరికి కిరస్తానం వాళ్లే తడిగుడ్డతో గీతలు తుడిచేశారు. చిన్నసామి ఖాళీ తలుపులు చూసుకుంటూ వీధంతా నడిచి వచ్చి, తిండి తినకుండా కూర్చున్నాడు. ఉప్పలమ్మకు జాలి వేసింది. జాలి వెనకే బుచ్చమ్మ మాటా గుచ్చింది. అవి నిజంగా దేవుని పేర్లేనా? ఆ అక్షరాలు ఊళ్లో ఎవరికీ చదవ రావు కదా.

ఉప్పలమ్మకు ఉన్నది ఒక్క కొడుకు, యాకయ్య. చిన్నప్పుడు పెద్దసామి పూజలో గంట కొట్టినవాడు, ఇప్పుడు సంగపు దళంలో తుపాకి మోస్తున్నాడు. అప్పుడప్పుడూ వచ్చి, చెలక అంచున జొన్నలు దాచుకునే పాత పాతరలో, ఆ భూమిలోని గుంటలో దాక్కునేవాడు. ఉప్పలమ్మ గంపలో గడ్డి కింద రొట్టెలు పెట్టుకుపోయి తినిపించి వచ్చేది. దేవుడు లేడనే వాళ్లకు అన్నం పెట్టరాదని పెద్దసామి ఒకసారి ప్రసంగంలో అన్నాడు. కన్నకొడుక్కి పెట్టడం కూడా పాపమేనా? ఆ గుబులు మోయలేక, పండుగ అయిన వారానికి పాపసంకీర్తనానికి మోకరించింది. గుడి మూలన ఒక వెదురు తడక. ఇవతల పాపం చెప్పుకునేవాళ్లు, అవతల గురువు చెవి. అక్కడ విన్నది ప్రాణం మీదికి వచ్చినా గురువు బయటపెట్టరాదు, చెప్పినవాళ్ల దగ్గర కూడా మళ్లీ ఎత్తరాదు. కొడుక్కి తిండి పెడుతున్న సంగతి, పాతర సంగతి, మిలిటరీకి అబద్ధం చెప్పిన సంగతి, అన్నీ ఆ చెవిలో వేసింది. చిన్నసామి మెల్లగా, "తల్లి అన్నం పెట్టుట పాపము కాదు" అన్నాడు. అబద్ధానికి మాత్రం మూడు పరలోక జపాలు చెప్పుకోమన్నాడు. ఆమె తేలికపడి ఇంటికి పోయింది.

ఆ వారం తిరక్కుండానే మిలిటరీ చెలకలోకి వచ్చింది. ఊళ్లో ఒక్క ఇల్లు సోదా చేయలేదు, ఒక్కరిని అడగలేదు. నేరుగా పాతర దగ్గరికి పోయి మూత లేపి బాకులతో పొడిచారు. యాకయ్య ముందటి మాపే వెళ్లిపోయాడు గనుక బతికాడు.

పాతర సంగతి తెలిసింది ఉప్పలమ్మకు, కొడుక్కు, దేవునికి. ఇంకా తడక అవతలి ఆ చెవికి. ఆ రోజు చిన్నసామికి అన్నం వడ్డిస్తూ ఆయన చేతుల వంకే చూసింది. తను నేర్పిన తీరులోనే, మెతుకు కింద పడకుండా తింటున్నాడు. "తిన్నవా అవ్వా?" అని అడిగాడు. నేర్చుకున్న ప్రతిదీ దొంగ వేషంలా కనిపించింది ఆమెకు. ఇన్ని నేర్పింది ఇందుకేనా, ఊళ్లో కలిసిపోయి ఊరినే అమ్మడానికా?

కట్టెల కోసం పోయినప్పుడు తుమ్మపొదల చాటున యాకయ్య కలిశాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"అవ్వా, నీ సామి మీద దళంల మాట నడుస్తున్నది. ఇల్లిల్లు తిరిగి మగోళ్ల లెక్క అడిగే. తలుపులకు గీతలు పెట్టే. ఇగ పాతర. భీమ్లన్న ఇంక ఆగనంటున్నడు."

భీమ్లా దళ నాయకుడు, తండా మనిషి. అన్నదమ్ములిద్దరినీ మిలిటరీకి పోగొట్టుకున్నవాడు. ఆయన ఆగననడమంటే ఏమిటో ఉప్పలమ్మకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పాతర సంగతి చిన్నసామికి తనే చెప్పానని కొడుక్కు చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే ఈ పూటే ఆయన ప్రాణం పోతుంది. ఒకవేళ ఆయన చెప్పకపోయి ఉంటే?

"ఐతారం దాక ఆగుమను బిడ్డా. ఆయన ఎసొంటోడో నేను తేల్చి చెప్త."

"ఎట్ల తేలుస్తవ్?"

"గది నాకిడువు."

ఎలా తేల్చాలో రెండు రోజులు కుమిలి ఆలోచించింది. చివరికి తోచిన దారి తలుచుకుంటే తనకే భయం వేసింది. పాపసంకీర్తనంలో అబద్ధం చెప్పడం ఎంత పెద్ద పాపమో పిల్లలకు నేర్పేది తనే మరి. గడువుకు ఒక రోజు ముందు, శనివారం పొద్దున పూజ కాగానే తడక ముందు మోకరించింది.

"నా కొడుకు కాల్ల తూటా దిగింది సామీ. వాగవుతల పాత సున్నపు బట్టి కాడ పండుకున్నడు. ఒళ్లు కాలుతున్నది. ఇయ్యాల గడిస్తే గొప్ప. పాపాలు చెప్పుకోకుండనే పోతడు."

అంతా కల్ల. బట్టీ దగ్గర పిట్ట కూడా లేదు. తడక అవతల చిన్నసామి ముందుకు జరిగిన చప్పుడైంది.

"అవ్వా, ఈ మాట బయట వాడుకొనుటకు నీ సెలవు కావలెను. ఇస్తవా?"

బయట వాడుకోవడమట! ఎవరి దగ్గర, గడీలోనా? పళ్లు బిగపట్టి, "మీ ఇష్టం సామీ" అంది.

అన్నం కూడా వండకుండా కొడవలి, గంప పట్టుకొని వాగు దాటింది. బట్టీ మీదుగా ఉన్న గుండు వెనక కూర్చుంది. అక్కడి నుంచి చూస్తే గడీ నుంచి వచ్చే బండ్లబాట మొత్తం కనిపిస్తుంది. జీపు దుమ్ము లేస్తే చాలు, చిన్నసామి ఎవరో తేలిపోతుంది. రావద్దని కాసేపు మొక్కింది, వస్తే పీడ పోతుందని కాసేపు అనుకుంది. పొద్దు నడినెత్తి నుంచి వాలింది. బండ్లబాట మీద దుమ్ము లేవలేదు.

లేచింది వేరే అలికిడి. వాగు పక్క కాలిబాటలో గొంగడి కప్పుకొని ఒక మనిషి వంగి వంగి వస్తున్నాడు. గొంగడి కింద ఎర్రగడ్డం. ఒంటరిగా వచ్చాడు, వెనక్కి తిరిగి చూసుకుంటూ వచ్చాడు. తెల్లంగీ కనబడకుండా ఎందుకు దాచుకున్నాడు? ముందు వచ్చి జాడ చూసి పోతాడా? ఆయన బట్టీలోకి తొంగి చూశాడు. చుట్టూ తిరిగాడు. "యాకయ్యా, యాకయ్యా" అని మెల్లగా పిలిచాడు.

సమాధానం తుమ్మల్లోంచి వచ్చింది. దళం పొద్దుటి నుంచీ ఆయన్ను కనిపెట్టే ఉంది. భీమ్లా ముందు, వెనక ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకడు యాకయ్య. చిన్నసామి యాకయ్యను ఎన్నడూ చూడలేదు. కానీ మూతి, ముక్కు అచ్చు తల్లివే. ఆ ముఖం నుంచి గట్టిగా నిలబడ్డ కాళ్ల దాకా ఒకసారి చూశాడు. ఆ కాళ్లకు కట్టు లేదు, గాయం లేదు.

"ఎవల కోసమొచ్చినవ్?" అన్నాడు భీమ్లా. తుపాకి గొట్టం చిన్నసామి మెడ కింద ఆనింది.

"చెప్పరాదు."

"యాకన్న పేరు పిలిస్తివి. ఆయన ఈడుంటడని ఎవలు చెప్పిన్రు?"

"చెప్పరాదు, అన్నా."

యాకయ్య ఆయన భుజాన ఉన్న సంచి లాక్కున్నాడు. కట్టు కట్టడానికి గుడ్డలు, జ్వరం బిళ్లలు, సీసాలో పాలు, అడుగున ఒక చిన్న వెండి బరిణె. దాన్ని చూడగానే యాకయ్య ముఖం మారింది. పూజలో గంట కొట్టిన రోజుల్లో పెద్దసామి వెంట ఎన్ని చావుల దగ్గరికి మోసుకుపోయాడో.

"గిది అవస్థ నూనె అన్నా. మనిషి సచ్చే ముందు పెడ్తరు."

"ఈడ ఎవలు సస్తున్నరయ్యా?" అన్నాడు భీమ్లా. చిన్నసామి తల దించుకున్నాడు. భీమ్లా మెల్లగా తల ఊపాడు. "ఎరికైంది. మనమే సస్తున్నం. మిలిటరీ వస్తున్నదని ఎరికుండే, మనకు పెట్టనీకి నూనె తెచ్చిండు."

గుండు వెనక ఉప్పలమ్మ అంతా వింటోంది. ఒక్క మాట చాలు. నీ తల్లే చెప్పింది, నువ్వు చస్తున్నావని చెప్పింది, అని ఒక్క మాట అంటే ఆయన బతుకుతాడు. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని చూసింది. చిన్నసామి గడ్డం మీదుగా చెమట కారుతోంది, భయపడుతున్న మనిషే. అయినా ఆ మాట మాత్రం రాలేదు.

"ఆఖరిసారి అడుగుతున్న. ఎవలు చెప్పిన్రు?"

"చెప్పరాదు" అని చిన్నసామి కళ్లు మూసుకున్నాడు.

"నేనే చెప్పిన!" ఉప్పలమ్మ గంప విసిరేసి గుండ్ల మీదుగా పడుతూ లేస్తూ దిగింది. "ఆగుండ్రి! నేనే చెప్పిన! పాపసంకీర్తనంల చెప్పిన!"

యాకయ్య ఆమె వైపు తిరిగాడు. "ఏం చెప్పినవ్?"

"నువ్వు సస్తున్నవని. ఈడున్నవని. ఉత్తదే చెప్పిన, మిలిటరీని పంపుతడా లేదా చూద్దామని."

"మరి పాతర?"

అబద్ధం ఆడవచ్చు. ఆడితే కొడుకు తనకు మిగులుతాడు. కానీ చిన్నసామి మెడ మీద గొట్టం ఇంకా అలాగే ఉంది.

"అదీ చెప్పిన బిడ్డా. ముందుగల్ల."

ఉప్పలమ్మ భీమ్లా చేయి పట్టుకుంది. "మెడ మీద తుపాకి పెట్టినా నా పేరు చెప్పకపాయె. సొంత కొడుక్కు తల్లి పేరు చెప్పనోడు, పోయి మిలిటరోనికి పాతర చెప్తడా? నువ్వే చెప్పన్నా."

భీమ్లా చాలాసేపు చిన్నసామి ముఖంలోకి చూశాడు. తర్వాత తుపాకి దించాడు. ఆ చూపు తిరిగి తిరిగి ఉప్పలమ్మ మీద ఆగింది.

"ఆయన చెప్పలే, సరే. మరి నువ్వు? పట్టపగలు గంప నెత్తిన పెట్టుకొని అదే తొవ్వల పోతివి, అదే తొవ్వల వస్తివి. గడీ మీదికెక్కి చూసేటోనికి కండ్లు లేవా?"

పాతర ఎట్లా బయటపడిందో ఇక తేలేది కాదు. కానీ ఇన్ని రోజులు ఇంకొకరి మీద పెట్టిన వేలు ఇప్పుడు తన మీదికి తిరిగింది. అది అబద్ధమని గట్టిగా అనడానికి ఆమెకు ధైర్యం లేదు.

యాకయ్య దగ్గరికి వచ్చాడు. కొడతాడేమో అనుకుంది, కొట్టినా బాగుండేది. వంగి ఆమె కాళ్లు ముట్టాడు.

"కాటారం అడవులకు పోతున్నం. ఇగ నేను రానవ్వా. నేనేడుంటనో నీకు ఎరికుండొద్దు."

"ఎవలకు చెప్పను బిడ్డా. దేవునికి సుత చెప్పను."

"చెప్తవు" అన్నాడు యాకయ్య. కోపంగా కాదు, తెలిసిన సంగతి చెప్పినట్టు. తుమ్మల్లోకి పోయాక తిరిగి చూడలేదు. చూస్తాడేమోనని ఉప్పలమ్మ చాలాసేపు నిలబడింది.

వాగు దాటి ఊరి దారి పట్టారు, ముందు ఆమె, వెనక చిన్నసామి. ఆయన తిట్టాలని ఆమె కోరిక. పెద్దసామి అయితే ఊరంతా వినిపించేలా తిట్టేవాడు. నీ కోసం, నీ కొడుకు కోసం చావబోయానే అని ఒక్కసారి అంటే ఈ భారం కొంతైనా దిగుతుంది. వెనక అడుగుల చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఇక ఓర్చుకోలేక దారిలోనే ఆగి తిరిగింది.

"సామీ, తడక కాడ అబద్ధం చెప్పిన. దేవుని ముంగట చెప్పిన. నీ పానం మీదికి తెచ్చిన."

కొన్ని గడియల కిందటే నలుగురి ముందూ అరిచి చెప్పిన సంగతే. ఆయన ఎదురుగా నిలబడి విన్న సంగతే. చిన్నసామి సంచి భుజం మార్చుకున్నాడు. ఆ ముఖంలో కోపం కోసం వెతికింది, కనీసం నొప్పి కోసం వెతికింది.

"ఎప్పుడవ్వా?" అన్నాడు చిన్నసామి. "నాకెరికలేదు."

ఉప్పలమ్మ అక్కడే దుమ్ములో కూలబడి, కొడుకు పోయినప్పుడు రాని ఏడుపంతా ఏడ్చింది.